పాట దొరుకుతోంది, కేసెట్టు దొరకట్లేదు

పాత పాటలకు ఇప్పుడు కరువేమీ లేదు. ఫోన్లో నాలుగక్షరాలు కొడితే ఘంటసాల గొంతు వినిపిస్తుంది, ఇంకో నాలుగు కొడితే సుశీల గొంతు. అయినా విశాఖలో నలభై ఐదు దాటినవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే పాత కేసెట్ల కబుర్లు ఒక పట్టాన తెగవు. ఒకరు ఫోన్లో ఏదో పాట పెడతారు. అది అయిపోతుండగానే ఇంకొకరు తర్వాతి పాట ఎత్తుకుంటారు. ఫోను మాత్రం వేరే పాటేదో వేస్తుంది. "అబ్బే, దీని తర్వాత ఇది కాదు కదా" అంటారు. పాపం, యాప్ తప్పేమీ లేదు. దానికి పాట తెలుసు గానీ వాళ్ళింట్లో ఉన్న కేసెట్టు తెలియదు.

పాత ఆల్బమ్‌ల మీద మళ్ళీ మోజు ఎందుకు పుడుతోందని అడిగితే చిన్నతనం, జ్ఞాపకాలు, ఆ రోజులే వేరు అంటూ చెబుతారు. అవన్నీ కొంతవరకు నిజమే. నాకు మాత్రం మనం వెతుక్కుంటున్నది పాటల వరసని అనిపిస్తుంది. తెలుగులో ఆ వరస కూర్చినవాళ్ళు చాలాసార్లు సంగీత దర్శకులు కారు, రికార్డు కంపెనీలూ కావు. అడిగిన పాటలు కేసెట్టులోకి ఎక్కించి ఇచ్చే రికార్డింగ్ సెంటర్ అతను, మైక్ సెట్ అతను, రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని కాపలా కాసిన బాబాయి. వాళ్ళ పేర్లు ఏ కవరు మీదా లేవు. వాళ్ళు కూర్చిన ఆల్బమ్‌లు ఏ యాప్‌లోకీ ఎక్కలేదు.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 78 ఆర్‌పీఎం రికార్డుకు వైపుకి మూడు నిమిషాలే పట్టేది. 1948లో అమెరికాలో ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటింది. అక్కడి గాయకులు ఆ నలభై నిమిషాల్నీ ఒకే రచనలా చూసుకోవడం మెల్లగా నేర్చారు. ఏ పాటతో మొదలుపెట్టాలి, రికార్డు తిప్పే ముందు ఏది ఉండాలి అని ఆలోచించి పాడేవారు. మనకు పాట సినిమాతో వచ్చింది. సినిమాలో ఏ పాట ఎక్కడ పడాలో కథ చెబుతుంది. రికార్డు మీద ఎక్కడ పడాలో నిడివి చెబుతుంది. కేసెట్ల కాలానికి ఇది ఇంకా ముదిరింది. ఎ సైడ్ ఒక సినిమా, బి సైడ్ ఇంకో సినిమా. హీరో ఒకడు కాదు, సంగీతం ఒకరిది కాదు, అటూ ఇటూగా ఒకే సీజన్లో రిలీజయ్యాయన్నదొక్కటే చుట్టరికం. కానీ ఆ కేసెట్టు అరిగేదాకా విన్నవాడికి ఆ రెండు సినిమాలూ జీవితాంతం అన్నదమ్ములే.

ముందే ఆలోచించి, వరస కట్టి చేసిన రికార్డులు తెలుగులో లేకపోలేదు. ఘంటసాల భగవద్గీత అలాంటిదే. 700 శ్లోకాల్లోంచి కొన్ని ఏరి, శ్లోకం వెంట తెలుగు తాత్పర్యం చెబుతూ చేసిన పని అది. ఆయన 1974లో పోయారు. ఆ రికార్డు మాత్రం ఊరూరా చావు కబురు చెప్పే గొంతయి కూర్చుంది. దాన్ని అలా మార్చింది ఆయనా కాదు, కంపెనీ కూడా కాదు, మైక్ సెట్ల వాళ్ళు. విశాఖలో ఏ వీధిలోనైనా పొద్దున్నే మైకులో గీత వినబడితే "ఎవరు పోయారు?" అని అడుగుతారు తప్ప ఏ అధ్యాయం అని ఎవరూ అడగరు. ఈమధ్య ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాన్ని మొదట్నుంచీ విన్నాను. పాడేటప్పటి గొంతు ఒకటి, అర్థం చెప్పేటప్పటి గొంతు ఇంకొకటి. వచనంలోకి రాగానే ఆయన నాటకీయత మొత్తం దించేసి, పక్కన కూర్చుని చెప్పినట్టు చెబుతారు. ఇన్నేళ్ళూ శవయాత్రల మైకుల్లో వింటూ ఆ తేడా పట్టించుకోనేలేదు.

ఇక రికార్డింగ్ సెంటర్ల సంగతి. ఎనభైల్లో, తొంభైల్లో డాబాగార్డెన్స్ నుంచి జగదాంబ జంక్షన్ దాకా, పాత పోస్టాఫీసు వైపు, గాజువాకలో ఇలాంటి షాపులుండేవి. మనం తెల్లకాగితం మీద లిస్టు రాసిచ్చేవాళ్ళం. బ్లాంక్ కేసెట్టు మనమే తీసుకెళ్ళొచ్చు, లేదంటే ఆయన దగ్గరే టీడీకేనో సోనీనో మెల్ట్రాకో కొనుక్కోవచ్చు. రెండ్రోజులాగి రమ్మనేవాడు. సి-90 కేసెట్టుకు వైపుకి నలభై ఐదు నిమిషాలు. పాట నాలుగున్నర నిమిషాలనుకుంటే వైపుకి పది పట్టాలి. కానీ పాటలు మనం అనుకున్నట్టు ఉండవు. తొమ్మిది పట్టి, రెండు రెండున్నర నిమిషాల రీలు మిగిలిపోయేది. షాపతని పనితనం బయటపడేది అక్కడే.

పాట మధ్యలో తెగితే కస్టమర్ తిడతాడు. ఖాళీగా వదిలేస్తే డబ్బులు తీసుకుని ఖాళీ రీలు ఇచ్చావంటాడు. అందుకని మన లిస్టులో లేని ముక్క ఏదో ఒకటి వేసేవాడు. వీణ మీద వాయించిన సినిమా పాటో, రాయబారం పద్యమో, ఏదో సినిమా టైటిల్ మ్యూజిక్కో. మన లిస్టులోని వరస కూడా ఉంచేవాడు కాదు. పొడుగు పాటలు ముందుకీ పొట్టి పాటలు చివరికీ సర్దేసేవాడు. ఇదేంటండీ అని అడిగితే "రీలు సరిపోవాలి కదా బాబూ" అనేవాడు. మొదట్లో విసుగ్గా ఉండేది. అదే కేసెట్టు ఒక వేసవంతా విన్నాక ఆ ముక్క రాకపోతే ఏదో వెలితిగా ఉండేది.

లోపలి కార్డు మీద పాటలు రాసేది కూడా ఆయనే. నీలం ఇంకు, సన్నటి అక్షరాలు. పాటలో మొదటి రెండు మాటలు, పక్కన సినిమా పేరులో సగం. జాగా చాలకపోతే చివరి పాటను కార్డు అంచు వెంబడి నిలువుగా రాసేవాడు. నా దగ్గర మిగిలిన ఒక కార్డులో బి సైడ్ ఆఖర్న "బిట్ - వీణ" అని ఉంది, అంతే. ఆ వీణ ఎవరిదో, ఏ రికార్డులోదో ఇప్పటికీ తేలలేదు. పాట వినిపిస్తే పేరు చెప్పే యాప్‌లకి వినిపించాను, దొరకలేదన్నాయి. సంగీతం తెలిసిన ఒకరికి వినిపిస్తే రాగం చెప్పారు, వాయించింది ఎవరో చెప్పలేకపోయారు. కేసెట్టులోని మిగతా పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి. ఇదొక్కటే లేదు.

ఆ షాపుల్ని మరీ ఆకాశానికెత్తాల్సిన పని కూడా లేదు. చట్టం కళ్ళకు అది దొంగ కాపీయే. పాట రాసినవాళ్ళకీ కట్టినవాళ్ళకీ వాటివల్ల పైసా ముట్టలేదు. అసలు రికార్డు కొనాలంటే చాలా ఇళ్ళకు తాహతు ఉండేది కాదు, దుకాణాల్లో పాతవి దొరికేవీ కావు అన్నది కూడా అంతే నిజం. ఈ రెండిటి మధ్యే తెలుగు మధ్యతరగతి ఇంటి సంగీతం పెరిగింది.

పైగా విశాఖ కేసెట్టుకు ఒక తిక్క ఉంది. ఇది పోర్టు ఊరు. రైల్వే క్వార్టర్స్‌లో బెంగాలీలు, ఒడియావాళ్ళు. నేవీలో దేశం నలుమూలల వాళ్ళు. తర్వాత ఉక్కునగరం వచ్చాక అక్కడ ఇంకో చిన్న దేశం. షిప్పుల్లో పనిచేసేవాళ్ళు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు, డబుల్ డెక్‌లు ఉన్న ఇళ్ళకు పక్కింటివాళ్ళు కాపీల కోసం వచ్చేవారు. అలా తెలుగు పాటల మధ్యలోకి ఒక హిందీ గజల్, చివర్లోకి రెండు బెంగాలీ పాటలు వచ్చి చేరేవి. అర్థం తెలియకుండానే నోటికొచ్చేసేవి. 1978లో వచ్చిన మరోచరిత్ర విశాఖ, భీమిలి తీరాల్లోనే తీశారు కాబట్టి ఈ ఊరి కేసెట్లలో ఆ సినిమా పాటలకు ఎప్పుడూ ముందు వరసే. హిందుస్తాన్ షిప్‌యార్డులో పనిచేసిన విప్లవ కవి వంగపండు ప్రసాదరావు పాట సభల్లోంచి టేపుల్లోకి, టేపుల్లోంచి ఇళ్ళలోకి వచ్చింది. భక్తి పాటలకీ విప్లవ గీతాలకీ మధ్య రీలు మీద రెండు సెకన్ల ఖాళీయే ఉండేది. ఏ కంపెనీ మేనేజరూ అలాంటి కేసెట్టు వేయడు.

ఇంకో ముచ్చట. "నానాటి బ్రతుకు నాటకము" అన్న అన్నమయ్య కీర్తన ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతులో వినని తెలుగు ఇల్లు తక్కువ. రేవతి రాగంలో దానికి బాణీ కట్టింది నేదునూరి కృష్ణమూర్తి. ఆయన విశాఖలోనే ఉండేవారు, 2014 డిసెంబరులో ఇక్కడే పోయారు. ఆ కేసెట్టు ఏళ్ళ తరబడి విన్న విశాఖ వాళ్ళలో ఎంతమందికి ఆ బాణీ కట్టిన మనిషి తమ ఊళ్ళోనే ఉన్నారని తెలుసు? కేసెట్టు కాలంలోనే తెలియలేదు. ఇప్పుడైతే యాప్‌లో తరచు పాడినవారి పేరొక్కటే కనిపిస్తుంది. అన్నమయ్య సాహిత్యం అయిదు శతాబ్దాల నాటిదే గానీ మనం వింటున్న ఈ బాణీ మాత్రం మన కాలపు మనిషి కట్టింది. పాత ఆల్బమ్‌ని మళ్ళీ వినేటప్పుడు నేను ముందు చూసేది ఇదే, అప్పుడు చదవని పేర్లు.

చిన్నప్పటి పాటలే ఎందుకు అంతగా అంటుకుంటాయన్నదానికి మానసిక శాస్త్రం దగ్గర ఒక జవాబుంది. పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవి తర్వాతి జీవితంలో మిగతా వాటికన్నా ఎక్కువగా గుర్తొస్తాయి. పాటల విషయంలో ఇది మరీ స్పష్టం. ఇది అందరికీ తెలిసిందే. నన్ను ఆకట్టుకున్నది 2013లో కోర్నెల్ యూనివర్సిటీకి చెందిన కరోల్ క్రుమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ అనే ఇంకో పరిశోధకుడితో కలిసి ప్రచురించిన అధ్యయనం. ఇరవై ఏళ్ళ వయసు వాళ్ళకు తమ కాలపు పాటలతో పాటు, తమ తల్లిదండ్రులు పడుచువాళ్ళుగా ఉన్నప్పటి పాటలు కూడా గట్టిగా గుర్తున్నాయని, వాటితో సొంత జ్ఞాపకాలు ముడిపడి ఉన్నాయని అందులో తేలింది. అంటే పుట్టకముందు పాట కూడా మన పాత పాటే. ఇంట్లో ఒక్కటే టేప్ రికార్డర్, దాని మీద పెత్తనం నాన్నది అయిన ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ సంగతి పరిశోధన లేకుండానే తెలుసు. ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్ళ ఇయర్‌బడ్స్. అమ్మానాన్నల పాట పిల్లల చెవిన పడే దారి సగం మూసుకుపోయింది, కారు ప్రయాణాలు తప్ప.

రెండో జవాబు ఇంకా పాతది. రాబర్ట్ జయాన్స్ అనే మానసిక శాస్త్రవేత్త 1968లో రాసింది. ఒకదాన్ని పదే పదే చూసినా విన్నా, దాని మీద ఇష్టం దానంతటదే పెరుగుతుంది. కేసెట్టు ఈ సూత్రానికి సరిగ్గా సరిపోయే యంత్రం. నచ్చని పాట దాటించాలంటే లేచి వెళ్ళి, ఫార్వర్డ్ నొక్కి, ఎక్కడ ఆపాలో అంచనా వేసి, ముందుకెళ్ళిపోతే మళ్ళీ వెనక్కి తిప్పాలి. రీలు నమిలేస్తుందని భయం ఒకటి. అంతకన్నా ఆ నాలుగు నిమిషాలు వినేయడమే నయం. అలా వినగా వినగా నచ్చిన పాటలు ప్రతి కేసెట్టులోనూ ఒకటో రెండో ఉంటాయి. ఫోన్లో ఆ అవకాశమే రాదు. ఇరవై సెకన్లు నచ్చకపోతే బొటనవేలు దాన్ని నెట్టేస్తుంది.

ఈ రెండు సిద్ధాంతాలకూ లొంగని సంగతి ఒకటుంది. కొన్ని ఆల్బమ్‌లు ఇరవై ఏళ్ళ తర్వాత వింటే బాగుండవు. టీనేజీలో ఊపేసిన కేసెట్లు కొన్ని ఈమధ్య మళ్ళీ పెట్టి చూశాను, రెండు పాటలు దాటి వినలేకపోయాను. గుర్తులన్నీ వచ్చాయి గానీ సంగీతం రాలేదు. జ్ఞాపకమే అంతా అయితే అవి కూడా బాగుండాలి కదా.

దీనికి పూర్తిగా వ్యతిరేకం శంకరాభరణం. సినిమా 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. అప్పటి నుంచీ ఆ పాటలు విశాఖలో పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టుపక్కల మైకుల్లో మోగుతూనే ఉన్నాయి. చిన్నప్పుడు నాకు ఆ కేసెట్టంతా ఒకటే ముద్ద. పెద్దవాళ్ళ పాటలు, దేవుడి పాటలు, అంతే. అన్నీ త్యాగరాజు కాలానివే అనుకునేవాణ్ణి. ఇప్పుడు మళ్ళీ వింటే అతుకులు కనబడతాయి. "మానస సంచరరే" సదాశివ బ్రహ్మేంద్రులది, "బ్రోచేవారెవరురా" మైసూరు వాసుదేవాచార్యులది, "పలుకే బంగారమాయెనా" రామదాసుది. వీటి పక్కనే వేటూరి కొత్తగా రాసిన పాటలు. "దొరకునా ఇటువంటి సేవ" అన్న మొదటి మాటలు త్యాగరాజ కీర్తనలోవి. ఆ పల్లవి పట్టుకుని తర్వాతదంతా వేటూరి సొంతంగా రాశారు. పాతది ఎక్కడ ఆగిందో కొత్తది ఎక్కడ మొదలైందో వినేవాడికి తెలియకుండా కె.వి.మహదేవన్ సంగీతం కప్పేసింది.

ఆ ఆల్బమ్‌కి మూడు జాతీయ అవార్డులు వచ్చాయి. సంగీతానికి మహదేవన్‌కి, గానానికి బాలసుబ్రహ్మణ్యానికీ వాణీ జయరాంకీ. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలుకి అదే మొదటి జాతీయ అవార్డు కావడం ఇంకో విశేషం. ఇదంతా తెలిశాక వింటే ప్రతి చరణంలోనూ జాగ్రత్త వినిపిస్తుంది, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో కూడా. చిన్నప్పుడు ఆ కేసెట్టు నచ్చింది కాబట్టి ఇప్పుడు వింటున్నానని కాదు. చిన్నప్పుడు నచ్చనే లేదు. నా ఉద్దేశంలో తిరిగి వినడానికి పనికొచ్చే ఆల్బమ్‌లు ఇలాంటివే. మొదటిసారి మన వయసు చాలక వదిలేసినవి.

దురదృష్టమేమిటంటే మనం తిరిగి వినేది ఎక్కువగా ఎవరైనా పోయినప్పుడు. 2020 సెప్టెంబరులో బాలు పోయినప్పుడు, మరుసటి ఏడాది నవంబరులో సిరివెన్నెల పోయినప్పుడు, 2023లో సరిగ్గా శంకరాభరణం విడుదలైన తేదీనే దాని దర్శకుడు విశ్వనాథ్ పోయినప్పుడు, 2025 మార్చిలో అన్నమయ్య కీర్తనల గాయకుడు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ పోయినప్పుడు. నివాళి ప్లేలిస్టులు వాట్సాప్‌లో తిరుగుతాయి. అందరూ పంపేవి అవే ఐదారు పాటలు. వేల పాటలు పాడిన మనిషికి ఐదు పాటల సంతాపం. యాప్ కూడా ఎక్కువమంది విన్నవే పైకి తెస్తుంది కాబట్టి ఆ ఐదూ ఇంకా పైకెళ్తాయి, మిగతావి ఇంకా కిందికి.

కంపెనీలకు ఈ ఆకలి తెలియక కాదు. పాత హెచ్‌ఎంవీ, ఇప్పటి సారెగమ, 2017లో కార్వాన్ తెచ్చింది. పాత రేడియోలా కనిపించే పెట్టెలో ముందే నింపిపెట్టిన 5,000 హిందీ పాటలు. తర్వాత తెలుగు పెట్టె కూడా వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎగబడి వినడానికి కారణం పాటలు దొరక్కపోవడం కాదు. మీట తిప్పితే చాలు, ఏం వినాలో తేల్చుకోనక్కర్లేదు. కాకపోతే అందులో సర్దుబాటంతా గాయకుల పేర్లతో, మూడ్ పేర్లతో. విషాద గీతాలన్నీ ఒక గుట్ట, ప్రేమ గీతాలన్నీ ఒక గుట్ట. మన షాపతను ఏడుపు పాట పక్కన హాస్యం పాట వేసేవాడు, రీలు సరిపోవాలి కాబట్టి. వినేవాడికి అదే ఊరట.

కేసెట్ల మీద ప్రేమతో కొందరు "ఆ సౌండే వేరు" అంటుంటారు. దాన్ని నేను ఒప్పుకోను. కేసెట్టు టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు, 3.81 మాత్రమే. అందులోనే రెండు వైపులవీ కలిపి నాలుగు ట్రాకులు. స్టూడియో టేపు సెకనుకు ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు పరిగెడితే ఇది అయిదు కూడా పరిగెట్టదు. టేపు మీది పాటను చదివే హెడ్ వెంట్రుకవాసి వంకరైనా తాళాల మెరుపు, గాయని ఊపిరి మాయం. సముద్రపు తేమకు, టేపును లాగే పించ్ రోలర్ జిగురెక్కి పాట ఈడుస్తుంది. మనకు వెచ్చగా, మెత్తగా అనిపించిన సౌండు చాలాసార్లు మురికి పట్టిన హెడ్‌ది. మంచి ఎల్పీ నుంచి జాగ్రత్తగా చేసిన డిజిటల్ కాపీ దానికన్నా ఎన్నో రెట్లు నయం. జాగ్రత్తగా అన్నదగ్గరే చిక్కు. కొన్ని కొత్త కాపీల్లో మెల్లని చోటూ గట్టి చోటూ లేకుండా అంతా ఒకే మోత మోగిస్తారు. పాత పాట మీద కొత్త డ్రమ్ములు రుద్దిన ఝంకార్ బీట్స్ వెర్షన్లు అసలు పాట పక్కనే, అదే పేరుతో కూర్చుని ఉంటాయి.

కేసెట్టు లోపాల్లో ఒక్కటి మాత్రం నాకు ఇష్టం. పాట మొదలవడానికి సెకనో రెండు సెకన్లో ముందు, ఖాళీలో అదే పాట ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టు సన్నగా వినబడేది. చుట్టలో ఆనుకుని ఉన్న పొరల అయస్కాంత గుర్తులు ఒకదాని మీద ఒకటి అచ్చు పడటం వల్ల అలా అవుతుంది. ఇంజనీర్లకు అది తలనొప్పి. మాకు రాబోయే పాట ఏదో ముందే తెలిసిపోయేది.

ఇప్పుడు అసలు నష్టం ఎక్కడుందో చూద్దాం. కంపెనీ పాటలకు మూల టేపులో, ఎల్పీలో, కనీసం ఎవరి దగ్గరో ఇంకో కాపీ ఉంటుంది. ఇంటి కేసెట్టు ఒక్కటే. విశాఖ గాలిలో అది మామూలు పరిస్థితుల్లోనే బూజు పడుతుంది. అలాంటిది 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కిటికీ అద్దాలు పగిలి, వాన అడ్డంగా ఇళ్ళలోకి కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు. తర్వాత వారం వీధుల్లో పరుపులు, పుస్తకాలతో పాటు కేసెట్ల పెట్టెలు కూడా చెత్తకుప్పల్లో కనిపించాయి. తడిశాయి కదా, ఇంకేం పనికొస్తాయి అనుకున్నారు జనం. నిజానికి తడిసిన కేసెట్టు పోయినట్టు కాదు. లోపలి రీలు పాలిస్టర్, నీళ్ళకు కరగదు. మురికి నీళ్ళయితే శుభ్రమైన నీటితో కడిగి, ఎండలో కాకుండా నీడలో ఆరబెడితే చాలావాటికి ప్రాణం ఉంటుంది. ఆరకముందే వేసి చూస్తేనే రీలు అతుక్కుని తెగుతుంది.

బూజు పట్టినవాటికి కూడా వైద్యం ఇంట్లోనే చేసుకోవచ్చు. స్క్రూలున్న కేసెట్టయితే నాలుగు మూలలూ మధ్యలోనూ కలిపి ఐదు స్క్రూలు విప్పాలి. పై మూత నెమ్మదిగా ఎత్తితే రెండు చక్రాలు, రెండు చిన్న రోలర్లు, స్పంజి ముక్క అతికించిన లోహపు రేకు కనిపిస్తాయి. ఆ స్పంజి ఊడిపోతే రీలు హెడ్‌కి ఆనదు. పాట దూరంగా వినబడుతోందని చాలామంది రీలే పోయిందనుకుంటారు. రీలును రెండు చక్రాలతో సహా ఎత్తి, బాగున్న ఇంకో ఖాళీ డబ్బాలో పెట్టి బిగిస్తే సరి. మూతికి గుడ్డ కట్టుకోవాలి, బూజు గొంతులోకి పోతుంది. పాత డెక్‌లో బెల్టు సాగిపోయి ఉంటే మార్పించి, హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచి, మొదటిసారి మోగేటప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించాలి. రెండోసారికి రీలు ఒప్పుకుంటుందో లేదో తెలియదు.

అలా ఎక్కించిన దాన్ని ఊళ్ళో అందరికీ పెట్టేయొచ్చా అంటే కుదరదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్ళు. కాబట్టి 1965కు ముందు విడుదలైన రికార్డుల మీద కంపెనీల హక్కు ఇప్పటికే తీరిపోయింది. పాట రాసినవారి, కట్టినవారి హక్కు మాత్రం వాళ్ళు పోయాక ఇంకో అరవై ఏళ్ళు ఉంటుంది. 2012 సవరణ తర్వాత వాళ్ళ రాయల్టీ వాటాను వాళ్ళ చేత రాయించుకోవడం కూడా కుదరదు. ఇది న్యాయమే. రికార్డింగ్ సెంటర్ల కాలంలో జరిగిన అన్యాయాన్ని పాత పాటల మీద ప్రేమ పేరుతో మళ్ళీ చేయనక్కర్లేదు.

అయితే పాటల వరస రాసిపెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కేసెట్టు కవరులోని ఆ కార్డు ఫోటో తీసి, ఏ వీధి షాపులో, ఏ ఏడు చేయించారో పక్కన రాస్తే చాలు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. సిరిపురంలో 1963 నుంచీ నడుస్తున్న ఆకాశవాణి కేంద్రం ఉంది. వీటిలో ఏ ఒక్కటి పూనుకున్నా, ఊళ్ళోవాళ్ళ దగ్గరున్న కార్డులు పోగేస్తే, ఎనభైల్లో విశాఖ ఏం విన్నదో, ఏ పాట పక్కన ఏ పాట పెట్టుకుని విన్నదో ఒక పటం తయారవుతుంది. సినిమా చరిత్రలు హిట్టయిన పాటల్ని చెబుతాయి. ఇళ్ళలో ఏవి మోగాయో ఈ కార్డులే చెప్పాలి. ఎవరి ఇంట్లో వాళ్ళు ఆ లిస్టు చూసి ఫోన్లో అదే వరసలో ప్లేలిస్టు చేసుకోవచ్చు. పాటలు అధికారికంగానే మోగుతాయి, రావలసిన వాళ్ళకు డబ్బులూ వెళ్తాయి, "దీని తర్వాత ఇది కాదు కదా" అనే పేచీ కూడా ఉండదు.

మొదలుపెట్టేవాళ్ళకు ఒక్క మాట. అటక మీంచి పెట్టె దించగానే చేయి రంగు రంగుల కంపెనీ కవర్ల మీదికే వెళ్తుంది. వాటిని పక్కన పెట్టండి, అవి ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ముందు చేతిరాత ఉన్నవి తీయండి. అందులోనూ రేడియోలోంచి ఎక్కించినవి, పెళ్ళిలో నాదస్వరం, ఇంటికొచ్చిన హరిదాసు, సభలో పాట లాంటివి మొదట. కార్డు మీద "బిట్" అని రాసి ఉన్నవి ఆ వెంటనే. ఈ వానాకాలం లోపు డెక్ బాగుచేసే మనిషి ఎవరో కనుక్కుని పెట్టుకోండి, ఊళ్ళో ఆ పని తెలిసినవాళ్ళు కేసెట్లకన్నా వేగంగా తగ్గిపోతున్నారు.